మిల్లీమీటరులో మూడో వంతు: జీపుకు యూ బోల్టు ప్లేట్లు బిగించడం గురించి

(జీపు యజమానులు, క్వారీ డ్రైవర్లు, యువ మెకానిక్‌లు పాల్గొన్న ఒంగోలు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చీమకుర్తి క్వారీల నుంచి వచ్చిన డ్రైవర్లకు, నెల్లూరు నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చిన మేస్త్రీలకు, ఆదివారం వస్తే భైరవకోన వైపో ఉదయగిరి వైపో సొంత జీపులు తీసే తమ్ముళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. ఈ రోజు నేను మాట్లాడబోయేది బండి కింద పడుకుంటే తప్ప కనబడని వస్తువు గురించి. కమాన్ కట్టను, అంటే లీఫ్ స్ప్రింగును, ఇరుసుకు పట్టి ఉంచే యూ ఆకారపు బోల్టులు, వాటి కింద ఉండే ప్లేటు.

ఈ బల్ల మీద రెండు ప్లేట్లు పెట్టాను. ఒకటి కొత్తది, 8 మిల్లీమీటర్ల మందం, ముందూ వెనకా అంచులు పైకి వంచి చేసింది. రెండోది క్వారీలో తిరిగిన జీపు నుంచి విప్పింది. పాతదాన్ని ముందు చూడండి. దీని మీద ఉక్కు స్కేలు అడ్డంగా పెడుతున్నాను. స్కేలు రెండు అంచుల మీద ఆనింది, నడుమ వెలుతురు కనబడుతోంది. మడిచిన కాగితం ఆ సందులో దూరుతోంది, చూశారా? అంటే ఈ ప్లేటు కట్టను నడుమ తాకనే లేదు. రెండు పక్కల అంచుల మీద మాత్రమే నొక్కుతూ తిరిగింది. ఇప్పుడు బోల్టు రంధ్రాల చుట్టూ చూడండి. ఒక్కో రంధ్రం చుట్టూ అద్దంలా మెరిసే వలయం, దాని బయట ఎర్రని పొడి. ఆ మెరుపు నట్టు కదిలిందని చెబుతోంది. ఆ ఎర్రపొడి ఇనుము ఇనుమును రాసుకుని రాలిన తుప్పు. బండి నడిచినన్నాళ్లూ ఈ కీలు కొద్దికొద్దిగా కదులుతూనే ఉంది. డ్రైవరుకు మాత్రం గేరు వేసి కదిలినప్పుడు ఒక టక్కు, బ్రేకు తొక్కినప్పుడు ఇంకో టక్కు, అంతే వినబడింది.

నా మాట మొదటే చెప్పేస్తాను. ప్లేటు కొనేటప్పుడు అందరూ మందం అడుగుతారు. ఆరా, ఎనిమిదా, పదా? రాయి తగిలితే ఆగుతుందా? అడగవలసిన ప్రశ్నే. కానీ ప్లేటు మొదటి పని రాయిని ఆపడం కాదు, కట్టను పట్టుకోవడం. ఆ పట్టు ఎంత సన్నని దాని మీద ఆధారపడి ఉందో తెలిస్తే, బిగించే పద్ధతి దానంతటదే మారుతుంది.

కట్టలో ఏముందో అందరికీ తెలుసు. నాలుగైదు పట్టీలు ఒకదాని మీద ఒకటి, నడుమ గుండా ఒక సెంటర్ బోల్టు. చాలామంది ఆ సెంటర్ బోల్టే ఇరుసును పట్టుకుంటుందని అనుకుంటారు. మన జిల్లాల్లో వరి కోసినవారికి సులువుగా అర్థమవుతుంది: మోపు నడుమ ఒక పుల్ల గుచ్చినంత మాత్రాన మోపు నిలవదు, చుట్టూ బిగించిన తాడే దాన్ని నిలబెడుతుంది. సెంటర్ బోల్టు ఆ పుల్ల. పట్టీలు పక్కకు జరగకుండా వరసలో ఉంచడం, దాని తల ఇరుసు మీది దిమ్మ రంధ్రంలో కూర్చుని ఇరుసు చోటు చూపించడం, అంతవరకే దాని పని. బండి బరువూ, బ్రేకు వేసినప్పుడు ఇరుసు ముందుకు తిరగబోయే బలమూ, యాక్సిలరేటర్ నొక్కినప్పుడు వెనక్కి తిరగబోయే బలమూ అన్నీ యూ బోల్టుల బిగువే మోయాలి. ఆ బిగువు సడలిందంటే భారమంతా పుల్ల మీద పడుతుంది. సెంటర్ బోల్టు తెగుతుంది. లేదా పట్టీ సరిగ్గా నడిమి రంధ్రం దగ్గర విరుగుతుంది. పట్టీలో బలహీనమైన చోటు ఆ రంధ్రమే. బిగువు ఉన్నంతకాలం ఆ చోటు వంగదు, బిగువు పోయిన రోజు నుంచి వంగడం మొదలవుతుంది. రంధ్రం దగ్గర విరిగిన పట్టీ కనబడితే స్ప్రింగు ఉక్కును తిట్టకండి, ముందు నట్లు చూడండి.

ఇక లెక్కకు వస్తాను. 12 మిల్లీమీటర్ల యూ బోల్టు అనుకుందాం. దాన్ని 90 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలంతో బిగించాం. మర దగ్గర ఘర్షణకు ఇంజనీరింగ్ పుస్తకాలు మామూలుగా తీసుకునే అంకెతో లెక్కిస్తే ఒక్కో కాలు దాదాపు 37,000 న్యూటన్ల బలంతో లాగుతుంది. మూడున్నర టన్నుల పైమాటే. ఒక కట్టకు రెండు బోల్టులు, నాలుగు కాళ్లు. అంటే దాదాపు 15 టన్నుల బలం ఆ కట్టను ఇరుసుకు అదిమి ఉంచుతోంది. ఖాళీ జీపు బరువు రెండు టన్నులు కూడా ఉండదు. ఇంత బలం ఎక్కడ దాగి ఉంది? బోల్టు సాగడంలో. ఉక్కు కూడా రబ్బరులా సాగుతుంది, కాకపోతే కంటికి కనబడనంత. కాలు పొడవు 150 మిల్లీమీటర్లు ఉంటే, ఆ బిగింపుకు అది సాగేది ఇంచుమించు 0.33 మిల్లీమీటర్లు. మిల్లీమీటరులో మూడో వంతు. మొత్తం 15 టన్నుల పట్టూ ఆ మూడో వంతులో ఉంది.

దీన్ని కాసేపు మనసులో ఉంచుకోండి. ఎందుకంటే ఇప్పుడు రంగు గురించి చెబుతాను. బజారులో దొరికే ఈ ప్లేట్లకు నల్లటి పౌడర్ కోటింగ్ వేసి ఇస్తారు, చూడటానికి బాగుంటుంది. ఆ పూత మందం మామూలుగా 60 నుంచి 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదో వంతుకు దగ్గర. ప్లేటుకు పైన ఒక పూత, నట్టు కూర్చునే చోట ఇంకో పూత. ఇరుసు దిమ్మ మీద మనమే కొట్టిన రంగు మరొకటి. బోల్టు బిగించినప్పుడు ఆ పూతలన్నీ నట్టు కింద, కట్ట కింద చిక్కుకుంటాయి. వారం తిరిగేసరికి వేడికి, అదురుకు అవి నలిగి పక్కకు పోతాయి. 0.1 మిల్లీమీటరు నలిగితే మన 0.33లో మూడో వంతు పోయినట్టే. 0.2 నలిగితే సగానికి పైగా పోయినట్టు. నట్టు ఒక్క పిసరు కూడా తిరగలేదు, పానా పెట్టి చూసినవాడికి గట్టిగానే ఉందనిపిస్తుంది, కానీ పట్టు సగం లేదు. నట్టు తిరిగిపోయింది, ఊడిపోయింది అని మనం చెప్పుకునే కథలు చాలావాటికి మొదలు ఇక్కడే ఉంటుంది. ముందు పట్టు పోతుంది, నట్టు ఆ తరువాత తిరుగుతుంది.

అందుకని కొత్త ప్లేటు తెచ్చాక నేను చేసే మొదటి పని కట్ట ఆనే చోటా, నట్లు కూర్చునే నాలుగు చోట్లా రంగు గీకేయడం. అంత అందమైన పూతను గీకాలంటే మనసు ఒప్పదు, నాకు తెలుసు. గీకండి. తుప్పు భయం ఉంటే అంతా బిగించి ముగించాక బయటినుంచి పలుచగా రంగు కొట్టుకోండి. రెండు ఇనుములు కలిసే చోట మాత్రం ఇనుమే ఉండాలి. అదే కారణానికి పాత గ్రీజు ముద్దలు, గ్రానైటు పొడి, ఎండిన మట్టి ఏవీ ఆ సందుల్లో ఉండకూడదు. తీగ బ్రష్షుతో రుద్ది, గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూడండి. క్వారీ పొడి మెత్తగా ఉంటుంది కదా అని వదిలేస్తారు. మెత్తటి పొరే ముందు నలుగుతుంది.

వెనుక వరుసలో తమ్ముడు చెయ్యెత్తాడు. "పాత యూ బోల్టులు బాగానే ఉన్నాయి, వాటినే వాడుకోవచ్చా?" అని. వద్దు తమ్ముడూ. ఒకసారి అంత బలంతో సాగి, ఏళ్ల తరబడి అదురు తిన్న బోల్టు మర మొదట్లా ఉండదు. నట్టు ఒకచోట వదులుగా, ఒకచోట పట్టేసినట్టుగా తిరుగుతుంది. నీ పానా చూపించే అంకెకు, లోపల పడే బలానికి పొంతన ఉండదు. ఒక మాట వినండి: నట్టు తిప్పడానికి మనం పెట్టే శ్రమలో నూటికి 90 పాళ్ల దాకా ఘర్షణకే పోతుంది. బోల్టును సాగదీసేది మిగిలిన పది పదిహేను పాళ్లే. మర కాస్త చెడినా ఆ పదిలోనే కోత పడుతుంది. కాబట్టి కొత్త బోల్టులు, కొత్త నట్లు, కింద గట్టి చదును వాషర్లు. స్ప్రింగు వాషర్లు వద్దు. ఇంత బలానికి అవి పూర్తిగా అణిగిపోతాయి, వాటివల్ల ఒరిగేదేమీ లేదు.

మరకు నూనె రాయాలా వద్దా? తయారీదారు చెప్పిన అంకె పొడి మరకా, నూనె మరకా అని చూసుకుని అదే పాటించండి. పొడి మరకు ఇచ్చిన అంకెతో నూనె రాసిన మరను బిగిస్తే బోల్టు చాలా ఎక్కువ సాగుతుంది, ఒక్కోసారి తిరిగి రానంత సాగుతుంది.

ఇప్పుడు కొలతలు. యూ బోల్టు చేయించుకునేవారు మూడు కొలతలు పట్టుకెళ్లాలి: కడ్డీ మందం, రెండు కాళ్ల మధ్య లోపలి వెడల్పు, వంపు లోపలి నుంచి కాలు చివరి దాకా పొడవు. నాలుగోది అంకె కాదు, ఆకారం. ఇరుసు గొట్టం గుండ్రంగా ఉంటే వంపు కూడా ఆ గుండ్రానికి సరిపోవాలి. గొట్టం మీద చతురస్రం వంపు బోల్టు వేస్తే అది ఒకటి రెండు చుక్కల దగ్గరే ఆనుతుంది. ఆ చుక్కలు నలగడం, పట్టు పోవడం, మళ్లీ మన పాత కథే. దుకాణంలో కొలిమిలో కాల్చి వంచి ఇస్తామంటే వద్దనండి. కాల్చిన చోట ఉక్కు గుణం మారిపోతుంది. గట్టి రకం కడ్డీని చల్లగానే యంత్రం మీద వంచాలి. నట్టుకు వెల్డింగు చుక్క పెట్టి ఇక ఊడదని ధీమాగా ఉండేవాళ్లను చూశాను. ఆ వెల్డింగు వేడి బోల్టును అక్కడికక్కడే బలహీనం చేస్తుంది. పైగా ఇక మళ్లీ బిగించే దారే ఉండదు.

బండి నిర్మాణం విషయం కొంచెం చెప్పాలి. పాత జీపుల్లోనూ, 1985లో వచ్చిన మారుతి జిప్సీలోనూ కట్ట ఇరుసు కింద ఉంటుంది. బోల్టు ఇరుసు గొట్టం మీదుగా దిగి, కట్టకు రెండు పక్కలా కిందికి వచ్చి, అడుగున ప్లేటు గుండా బయటికి వస్తుంది. కాబట్టి బండి కింద నేలకు దగ్గరగా ఉండేవాటిలో ఆ ప్లేటూ, దాని కింద వేలాడే నాలుగు నట్లూ ముందుంటాయి. చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్క అంచు ఎంత పదునుగా ఉంటుందో ఇక్కడి డ్రైవర్లకు నేను చెప్పాలా? ఆ అంచు నట్టుకు తగిలి మర నలిగితే విప్పడం కూడా కుదరదు, కోయడమే గతి. అందుకే ఈ కొత్త రకం ప్లేట్లు. ముందూ వెనకా అంచులు పైకి వంగి ఉంటాయి, రాయి ఎదురుగా కొట్టుకోకుండా జారిపోతుంది. నట్లు గుంటల్లో కూర్చుంటాయి. మంచి ఆలోచనే. కట్ట ఇరుసు పైన ఉండే బళ్లకు ఇంకో పద్ధతి ఉంది: బోల్టును తలకిందులు చేసి, ఇరుసు కింది నుంచి పైకి తెచ్చి, ప్లేటునూ నట్లనూ కట్ట మీద పెట్టడం. అలా చేస్తే కింద నున్నటి వంపు మాత్రమే ఉంటుంది, రాయికి పట్టు దొరకదు. కాకపోతే కట్ట అడుగు దాకా అణిగినప్పుడు ఛాసిస్ కింది రబ్బరు దిమ్మ ఇదివరకు ఎక్కడ ఆనేదో చూసుకోవాలి. ఆ చోట ఇప్పుడు నట్లు ఉంటే రబ్బరు వాటి మీద పడి చిరిగిపోతుంది. దానికి వేరే ఆనుడు పెట్టించాలి.

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెబుతాను. మైపాడు, కొత్తపట్నం తీరంలో ఇసుకలో మాత్రమే తిరిగేవారికి ఈ మందపాటి ప్లేట్లు అవసరం లేదు. మీ శత్రువు రాయి కాదు, ఉప్పు. ఆ డబ్బుతో కొత్త బోల్టులు వేయించుకుని, తిరిగి వచ్చిన రోజే మంచినీళ్లతో బండి అడుగు కడగండి. వెలిగొండల వైపు, క్వారీ దారుల్లో తిరిగేవారికి మాత్రం ప్లేటు ఖర్చుకు తగిన పని చేస్తుంది. నల్లమల పేరు ఎవరో అన్నారు. అభయారణ్యంలోకి అనుమతి లేకుండా బండి తోలడం నేరం, దాని గురించి మాట్లాడను.

ప్లేటు ఒక ఎత్తు, బండిని పైకి లేపడం ఇంకో ఎత్తు. కట్టను ఇరుసు కింది నుంచి పైకి మార్చి ఎత్తు పెంచాలనుకునే తమ్ముళ్లు ఉన్నారు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా బండిని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. చట్టం సంగతి పక్కన పెట్టినా, ముందు చక్రాల ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి ఎత్తు పెంచడం ప్రాణాంతకం. బ్రేకు బలానికి ఆ దిమ్మ దొర్లి బయటికి వస్తే స్టీరింగు మీ చేతిలో ఉండదు. ఈ మాట దయచేసి మీ ఊళ్లో మిగతావారికీ చెప్పండి.

సరే, బిగింపు పని. ముందు రోజు సాయంత్రమే పాత మరలను తీగ బ్రష్షుతో రుద్ది, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. పని చదునైన నేల మీద. రెండో ఇరుసు చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు. జాకీతో లేపాక ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, ఇరుసు కింద వేరే జాకీ పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. కట్టను వదిలించాక ఇరుసు కిందికి వేలాడితే బ్రేకు గొట్టం లాగబడుతుంది, అందుకే ఆ రెండో జాకీ. ఒక పక్క పూర్తిగా ముగించిన తరువాతే రెండో పక్క ముట్టుకోండి. రెండూ ఒకేసారి విప్పితే ఇరుసు తన బరువుకు తాను తిరిగిపోతుంది, మళ్లీ వరసకు తేవడానికి చెమటలు పడతాయి. విప్పకముందే చక్రం నడిమి నుంచి ఛాసిస్ మీద ఒక గుర్తు దాకా రెండు పక్కలా కొలిచి రాసుకోండి. పని అయ్యాక ఆ కొలతలు మారాయంటే ఇరుసు వంకరగా కూర్చుందన్నమాట.

జీపులో, జిప్సీలో షాక్ అబ్జార్బర్ కింది కొస ఈ ప్లేటుకే తగిలి ఉంటుంది. ముందు దాన్ని విప్పాలి. కొత్త ప్లేటు మీద ఆ పిన్ను పాత చోటే ఉందా, ఎడమ కుడి తేడా ఉందా అని పక్కపక్కన పెట్టి చూడండి. పిన్ను కాస్త లోపలికి జరిగితే షాక్ అబ్జార్బర్ ఒరిగి టైరుకో కట్టకో రాసుకుంటుంది. పాత ప్లేటు దిగాక సెంటర్ బోల్టు తలను వేలితో తడిమి చూడండి. తల ఒక పక్క అరిగినా, మెడ దగ్గర గీత కనబడినా కట్ట దించి దాన్ని మార్చాల్సిందే. ఆ అరుగుదలను పట్టించుకోకుండా కొత్త ప్లేటు ఎక్కిస్తే డబ్బు నేల మీద పోసినట్టే.

సెంటర్ బోల్టు తల ఇరుసు దిమ్మ రంధ్రంలో పూర్తిగా కూర్చోవాలి. ఇది కంటితో నిర్ధారించుకోకుండా నట్టు తిప్పకండి. తల అంచు మీద ఎక్కి ఉండగా బిగిస్తే పానాకు గట్టిగానే తగులుతుంది, మొదటి గుంటలో తల లోపలికి జారుతుంది, నాలుగు కాళ్లూ ఒక్కసారిగా వదులవుతాయి. ప్లేటుకు కూడా నడుమ రంధ్రం ఉంటుంది, కట్ట అడుగున పొడుచుకు వచ్చే సెంటర్ బోల్టు కొస అందులో తేలికగా ఇమడాలి.

ఇప్పుడు నాలుగు నట్లూ చేత్తో ఎక్కించండి. తరువాత పానాతో ఒకదానికి ఎదురు మూలది, దాని తరువాత మిగిలిన జత, ఇలా కొంచెం కొంచెంగా. ఒకదాన్ని పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్లకూడదు. మధ్యలో ఆగి నట్ల కింద బయటికి వచ్చిన మరలు లెక్కపెట్టండి. నాలుగు కాళ్లలోనూ ఒకేలా ఉంటే ప్లేటు సమంగా వస్తోంది. ఒక కాలులో పది, పక్క కాలులో ఆరు ఉంటే బోల్టు వంకరగా కూర్చుంది, వదులు చేసి సరిచేయండి. చివరి బిగింపు మాత్రం బండిని చక్రాల మీదికి దించి, కట్ట మీద బరువు పడ్డాక, తిప్పే బలాన్ని అంకెలో చూపే టార్క్ రెంచితో. అంకె మీ బండి పుస్తకంలోదే తీసుకోండి, పక్కవాడి బండిది కాదు. లారీ మేస్త్రీలు ఆ బలాన్ని కిలోగ్రామ్-మీటర్లలో చెబుతారు, పుస్తకంలో న్యూటన్ మీటర్లు ఉంటాయి: ఒక కిలోగ్రామ్-మీటరు అంటే 9.8 న్యూటన్ మీటర్లు. అర మీటరు పిడి చివర 20 కిలోల బరువు వేలాడదీస్తే 98 న్యూటన్ మీటర్లు. ఎంత బలమో చేతికి తెలియడానికి ఇది చెబుతున్నాను, రెంచికి బదులుగా కాదు.

బిగించాక ప్రతి నట్టు నుంచి ప్లేటు మీదికి తెల్ల రంగుతో ఒక గీత గీయండి. గీత విడిపోయిందంటే నట్టు తిరిగింది. గీత అలాగే ఉన్నా, ఇందాక చెప్పాను కదా, పట్టు సడలి ఉండవచ్చు. అందుకే మొదటి 100 కిలోమీటర్ల లోపల ఒకసారి రెంచి పెట్టాలి. లేదా మొదటిసారి రాళ్లలో తిరిగి వచ్చిన రోజే పెట్టాలి. ఆ తరువాత 500 దగ్గర ఇంకోసారి. రెండోసారి రెంచి పెట్టినప్పుడు నట్టు కొంచెం తిరుగుతుంది. తిరిగితే కంగారు పడకండి, అదే ఆ పూతలూ గరుకులూ నలిగిన భాగం, దాన్ని మనం తిరిగి పొందుతున్నాం. మూడోసారి కదలకపోతే కీలు కుదురుకున్నట్టు. మూడోసారి కూడా తిరుగుతూనే ఉంటే విప్పి చూడండి: ప్లేటు వంగుతోంది, లేదా లోపల ఏదో చిక్కుకుని నలుగుతోంది. మిగిలిపోయిన మర కొసలు ఇదంతా అయ్యాకే రంపంతో కోయండి, నట్టు దాటి రెండు మూడు మరలు ఉంచి.

ముందు ఇరుసుకు చేస్తే, స్టీరింగు ఒక చివర నుంచి ఇంకో చివరకు తిప్పి ప్లేటు అంచు దేనికీ తగలడం లేదని చూసుకోండి. వెనుక ఇరుసుకు బ్రేకు పైపు, హ్యాండ్ బ్రేకు కేబులు.

క్వారీ యజమాని ఒకరు చీటీ పంపారు: "మా బళ్లు పదీ రోజూ తిరుగుతాయి, రెండుసార్లు మళ్లీ బిగించడానికి ఆపడం సాధ్యమేనా?" అని. అయ్యా, ఒక బండికి పావుగంట పని. భోజనాల వేళ అవుతుంది. డ్రైవరుకే ఒక రెంచి ఇచ్చి, ఆ తెల్ల గీత ఏమిటో చూపించండి. రోజూ బండి ఎక్కే ముందు వంగి ఆ గీత వైపు, ఎర్రపొడి కారిందా అన్న వైపు ఒక చూపు చూసేవాడికి మేస్త్రీ కంటే ముందే సంగతి తెలుస్తుంది. విరిగిన కట్టతో రాళ్ల లోడు వాలులో దిగే మనిషి అతనే కాబట్టి, ఆ రెంచి అతని చేతిలోనే ఉండాలి.

మాటలు చాలు. బయట చెట్టు కింద జీపు లేపి ఉంచాం. ఎడమ పక్క నేను బిగించి చూపిస్తాను, కుడి పక్క మీలో ఇద్దరు బిగించాలి. ఉక్కు స్కేలు, గీకుడు బ్లేడు తెచ్చుకుని రండి, ముందు ఆ కొత్త ప్లేటు రంగు గీకాలి.